కార్తీకంలో భువనగిరి గుట్ట ఎక్కేవారికి

భువనగిరి కోట ఉన్న గుట్టను ఎక్కడానికి ఏడాది మొత్తంలో మేలైన కాలం దీపావళి మరునాడు మొదలయ్యే కార్తీకమాసం. నైరుతి రుతుపవనాలు అప్పటికి తెలంగాణను విడిచిపెట్టి ఉంటాయి. వానాకాలమంతా నీరు కారుతూ పాచిపట్టిన బండ ఎండి అడుగుకు పట్టునిస్తుంది. చెరువులు ఇంకా నిండుగానే ఉంటాయి. కింది పొలాల్లో వరి పండి పసుపు తిరిగి ఉంటుంది, లేదా కోతలు సాగుతూ ఉంటాయి. వేసవిలో ఇదే గుట్ట పొద్దున తొమ్మిది దాటితే కాలు మోపనివ్వదు, శ్రావణ భాద్రపదాల్లో అడుగు నిలవనివ్వదు. హైదరాబాదుకు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, సగం రోజులో వెళ్లి రాగలిగినంత దగ్గరలో ఉన్న ఈ గుట్టను ఎక్కదలచినవారికి పనికివచ్చే విషయాలను, ముఖ్యంగా క్షేమంగా కిందికి దిగడానికి అవసరమైన జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తాను.

దిగడం గురించి ముందుగానే చెప్పడానికి కారణం ఉంది. భువనగిరి గుట్ట మట్టి కొండ కాదు, చెట్లు పట్టుకుని దిగగలిగే అడవి కొండ అంతకన్నా కాదు. అది చుట్టూ ఉన్న మైదానం నుంచి దాదాపు 500 అడుగుల ఎత్తు లేచిన ఒకే ఒక రాయి, అచ్చమైన ఏకశిల. ఎక్కేటప్పుడు శరీరం ముందుకు వంగి ఉంటుంది, చూపు మెట్టు మీదే ఉంటుంది, అలసట వచ్చినప్పుడు ఆగుతాము. అందువల్ల పెద్దగా ప్రమాదం ఉండదు. దిగేటప్పుడు కాళ్లు అప్పటికే అలసి ఉంటాయి, బరువంతా మోకాళ్ల మీద పడుతుంది, పైగా పని అయిపోయిందన్న ధీమాతో చూపు దూరానికి పోతుంది. కాబట్టి ఎప్పుడు బయలుదేరాలి, ఏ చెప్పులు వేసుకోవాలి, ఎంత నీరు తీసుకెళ్లాలి, పైన ఎంతసేపు ఉండాలి అనే ప్రతి నిర్ణయాన్నీ దిగే ఘడియను దృష్టిలో పెట్టుకుని తీసుకోవాలి.

మొదట రోజును ఎంచుకోవడం. కార్తీకంలో ఆకాశం సాధారణంగా తేటగానే ఉన్నా, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు పుట్టే కాలం కూడా ఇదే. అవి కోస్తాను తాకినప్పుడు భువనగిరి దాకా ముసురు పడుతుంది. అలాంటి ముసురు రోజున గుట్ట ఎక్కకూడదు. రాత్రి వాన పడి తెల్లవారేసరికి ఎండ కాసినా, ఆ ఉదయం కూడా ఆగడమే మంచిది. అయితే ముసురు వెళ్లిపోయి, ఉత్తరం నుంచి గాని ఈశాన్యం నుంచి గాని పొడి గాలి తిరిగిన తరువాత వచ్చే ఒకటి రెండు రోజులు మాత్రం చూపుకు అపురూపమైనవి. గాలిలోని దుమ్మంతా వానకు దిగిపోయి ఉంటుంది; మామూలు రోజుల్లో మసకగా కనిపించే గుట్టలు ఆ రోజుల్లో అంచులతో సహా తేటతెల్లంగా కనబడతాయి. సెలవు పెట్టుకోగలిగినవారు అలాంటి రోజు కోసం కాచుకుని ఉండటం దండగ కాదని నా అభిప్రాయం.

ఆదివారాలు, కార్తీక సోమవారాలు, పౌర్ణమి రోజు వదిలిపెట్టడం మంచిది. భువనగిరికి 13 కిలోమీటర్ల దూరంలోనే యాదగిరిగుట్ట ఉంది, కార్తీకమాసంలో అక్కడ సత్యనారాయణస్వామి వ్రతాలు చేసుకునేవారి రద్దీ ఎక్కువ. ఆ రోజుల్లో వరంగల్ వైపు వెళ్లే రహదారి మీద, ఉప్పల్ నుంచి వచ్చే బస్సుల్లో నిలబడటానికి కూడా చోటు దొరకదు. అందువల్ల మంగళవారమో బుధవారమో వెళితే రోడ్డు, గుట్ట రెండూ ఖాళీగా ఉంటాయి. రైలులో రాదలచినవారికి సికింద్రాబాద్–కాజీపేట మార్గంలోనే భువనగిరి స్టేషన్ ఉంది. దిగగానే గుట్ట కనిపిస్తుంది కనుక దారి అడగవలసిన అవసరం రాదు. నన్నడిగితే రైలు ప్రయాణానికే నా ఓటు. తిరుగు ప్రయాణంలో అలసిన కాళ్లతో బండి నడిపే బాధ ఉండదు, పైగా బండి కదులుతున్న కొద్దీ గుట్ట ఆకారం మారుతూ కనిపించడం రైలు కిటికీలోంచే బాగుంటుంది.

కార్తీకంలో పగలు చిన్నది. నవంబరు నడుమ భువనగిరిలో సూర్యోదయం ఉదయం 6:20 ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 5:40కి కాస్త ముందుగా జరుగుతాయి. ఆ తరువాత చీకటి పడటానికి అరగంట కూడా పట్టదు. కోట కట్టడం పురావస్తు శాఖ పరిరక్షణలో ఉంది, టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాలి, గేటు తెరిచే వేళ మూసే వేళ ఉంటాయి. ఆ వేళలను బయలుదేరే ముందురోజే కనుక్కోవాలి. సూర్యోదయం పై నుంచే చూడాలన్న ఆశతో గేటు తెరవకముందే పక్క బండల మీదుగా ఎక్కే సాహసం చేయవద్దు. ఆ పక్కలు చాలా చోట్ల తాడు లేకుండా ఎక్కదగినవి కావు. గేటు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లే మొదటివారిలో ఉంటే చాలు. అప్పటికి చెరువుల మీది పొగమంచు లేచిపోతూ ఉంటుంది, బండ ఇంకా చల్లగా ఉంటుంది. కార్తీకంలో మధ్యాహ్నపు ఎండ 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నా, నీడ లేని రాతి మీద అది అంతకు మించి తగులుతుంది, రాయి పీల్చుకున్న వేడి కింది నుంచి కూడా వస్తుంది.

ఇక వెంట తీసుకెళ్లవలసినవి. అన్నింటికన్నా ముఖ్యం పాదరక్షలు. అడుగున గాడులు ఉన్న మెత్తటి రబ్బరు బూట్లు వేసుకోవాలి. అరిగి నునుపైన బూట్లు, తోలు అడుగు ఉన్నవి, వేళ్ల మధ్య పట్టీతో ఉండే చెప్పులు ఎక్కేటప్పుడు పనిచేసినట్టే అనిపించి దిగేటప్పుడు మోసం చేస్తాయి. చెప్పులో పాదం ముందుకు జారి బొటనవేలు పట్టీ మీద బరువంతా పడుతుంది. కొత్త బూట్లయితే నాలుగైదు రోజులు ముందుగా ఇంటి దగ్గర తొడుక్కుని నడిచి, మడమ దగ్గర ఒరుసుకోకుండా చూసుకోవాలి. మనిషికి కనీసం ఒక లీటరు నీరు కావాలి, పిల్లలు వెంట ఉంటే ఇంకొంచెం ఎక్కువ. పైన తాగే నీరు దొరుకుతుందన్న నమ్మకంతో వెళ్లకూడదు. నీళ్ల సీసాను చేతిలో పట్టుకోకుండా వీపు సంచిలో వేసుకోవాలి, ఎందుకంటే ఏటవాలు చోట్ల రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఉదయపు చలికి వేసుకున్న స్వెట్టరు సగం దూరంలోనే విప్పవలసి వస్తుంది కనుక సంచిలో దానికి చోటు ఉంచుకోవాలి. పైకి చేరాక చెమట పట్టిన ఒంటికి గాలి తగిలినప్పుడు మళ్లీ అదే కావాలి. తినేవి తీసుకెళితే మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టి సంచి లోపలే ఉంచాలి. కవరు చప్పుడు వినిపిస్తే కోతులు దగ్గరకు వస్తాయి, కోతి నుంచి పొట్లం లాక్కోబోయి తూలిపడటం ఏటవాలు రాతి మీద చిన్న విషయం కాదు.

నడక మొదలయ్యేది కింది దర్వాజా నుంచి. కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 వరకు పాలించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ పేరు మీదనే ఈ కోట త్రిభువనగిరి అయింది, కాలక్రమంలో భువనగిరిగా నిలిచింది. తరువాత కాకతీయులు, బహమనీలు, గోల్కొండ సుల్తానులు దీనిని ఏలారు. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో సర్వాయి పాపన్న ఈ ఊరి మీద దాడి చేశాడు. ఆ చరిత్రనంతా చదువుకుని వెళ్లవలసిన అవసరం లేదు గాని, ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగి, దారి ఎంత మెలికలు తిరిగి, ఎంత ఇరుకుగా, పై బురుజుల నుంచి కనబడేలా సాగుతుందో గమనిస్తే మిగతా నడక మొత్తం అర్థమవుతుంది. శత్రువు పరుగున రాకూడదని కట్టిన దారి ఇది. కాబట్టి మనమూ పరుగున ఎక్కకూడదు.

మొదటి పావుగంట కావాలనే నెమ్మదిగా నడవాలి. ఆయాసం రాకుండా పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగిన వేగమే సరైన వేగం. ఈ మెట్లు ఇళ్లలోని మెట్ల మాదిరి ఒకే ఎత్తులో ఉండవు. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మోకాలి దాకా, కొన్ని చోట్ల బండలోనే తొలిచిన లోతులేని గంట్లు మాత్రమే. ఎత్తైన మెట్టు వచ్చినప్పుడు దానిని ఒక్క అంగలో దాటడానికి బదులు పక్కన ఉన్న చిన్న గంటును వాడుకుని రెండు అడుగులుగా ఎక్కితే పిక్కలు పట్టేయవు. మామూలు ఆరోగ్యం ఉన్నవారు ఆగుతూ ఆగుతూ గంటలోపే పైకి చేరుకుంటారు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా రాకూడదు. వచ్చినా సగంలో ఉన్న విశాలమైన పరుపుబండ దాకా ఎక్కి అక్కడే కూర్చోవచ్చు. అక్కడి నుంచి కూడా ఊరు, రైలు పట్టాలు, చెరువు చక్కగా కనిపిస్తాయి.

దారి పొడుగునా మొదట్లో కనిపించే మొక్కలు ఈ ఋతువును గుర్తుచేస్తాయి. బతుకమ్మ కోసం కోయగా మిగిలిన తంగేడు ఇంకా అక్కడక్కడ పూసి ఉంటుంది, గునుగు పూలు గులాబి ఛాయ పోయి వెండి తెలుపుకు తిరిగి గింజ రాలుస్తూ ఉంటాయి. పైకి వెళ్లే కొద్దీ మట్టి తగ్గి, పొదలు తగ్గి, చివరికి రాయి ఒక్కటే మిగులుతుంది.

ఆ రాతిని దగ్గరగా చూడటం నేర్చుకోవాలి, ఎందుకంటే ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పేది అదే. దక్కన్ పీఠభూమిలోని ఈ గ్రానైటు వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. పైన ఉన్న మట్టి, రాతి బరువు యుగాలుగా కొట్టుకుపోయే కొద్దీ లోపలి రాయి సడలి, ఉల్లిపాయ పొరల్లా పలకలు పలకలుగా ఊడుతుంది. గుట్టకు ఈ గుండ్రటి రూపం రావడానికి అదొక ముఖ్య కారణం. నడిచేవారికి దీనివల్ల తెలియవలసింది ఏమిటంటే, అంచున లేచి ఉన్న పలక గట్టిగా కనిపించినా అది కింద అతుక్కుని ఉండకపోవచ్చు. దాని మీద నిలబడి ఫొటో దిగకూడదు. రెండవది, బండ మీద పై నుంచి కిందికి జారినట్టు కనిపించే నల్లటి చారలు. అవి మసి కాదు, రంగు కాదు. వాన నీరు ఏటా పారే దారిలో పెరిగే సూక్ష్మజీవుల పొర. ఎండినప్పుడు గరుకుగానే ఉంటుంది, తడి తగిలితే సబ్బు రాసినట్టు జారుతుంది. కార్తీకంలో ఎక్కువ భాగం ఎండి ఉన్నా, పైన గుండంలో నిలిచిన నీరు ఊరుతూ కొన్ని చారలను తడిగానే ఉంచుతుంది. చార మెరుస్తూ ఉంటే తడిగా ఉన్నట్టు. దాని పక్కన ఉన్న బూడిదరంగు, గులాబిరంగు గరుకు రాయి మీదనే అడుగు వేయాలి. మూడవది, రాయి అరిగి రాలిన సన్నటి గరప. ఏటవాలు పలక మీద అది పల్చగా పరుచుకుని ఉన్నప్పుడు ఎంత మంచి బూటైనా దొర్లిపోతుంది. అలాంటి చోట కాలితో గరపను పక్కకు నెట్టి, రాయి కనబడ్డాకనే బరువు మోపాలి.

పై భాగంలో బండ బాగా ఏటవాలుగా ఉన్న చోట్ల ఇనుప రెయిలింగ్ ఉంది. దానిని పట్టుకోవాలి గాని దాని మీద ఒరిగి వేలాడకూడదు. పిల్లలు ఉంటే ఎక్కేటప్పుడు పెద్దవారు వారి వెనుక, దిగేటప్పుడు వారి ముందు ఉండాలి; అంటే ఎప్పుడూ పల్లం వైపు పెద్దవారే ఉండాలి. గుండాల్లోని నీరు ఆకుపచ్చగా, నిశ్చలంగా, లోతు తెలియకుండా ఉంటుంది. ఆ రాతి తొట్లు కోటలో కాపురమున్నవారు వాన నీరు దాచుకున్న చోట్లు. అంచులు నునుపుగా లోపలికి జారి ఉంటాయి కనుక, చేతులు కడుక్కోవడానికైనా వాటిలోకి వంగవద్దు. పక్క బండల కింద పెద్ద తేనెపట్లు కనిపిస్తే కేకలు వేయడం, రాళ్లు విసరడం, సిగరెట్ కాల్చడం ఎంతమాత్రం చేయకూడదు.

శిఖరం మీద బాలాహిసార్ అనే పై కోట ఉంది, వంపు తోరణాలు, గచ్చు గోడలతో. నీడ దొరికేది అక్కడే కనుక మొదట అక్కడ కూర్చుని నీరు తాగి, గుండె దడ తగ్గిన తరువాతనే అంచుల వైపు వెళ్లాలి. ఈశాన్యంగా చూస్తే యాదగిరిగుట్ట. తేటగా ఉన్న రోజున దానికి ఇటూ అటూ ఉన్న చిన్న గుట్టలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. పడమర వైపు హైదరాబాదు మీది దుమ్ము పొర ఆకాశం అంచున ఒక గోధుమరంగు గీతగా ఉంటుంది. దక్షిణాన మూసీ ఆయకట్టు, ఆ పైన నైరుతిలో భూదానోద్యమం 1951లో మొదలైన పోచంపల్లి వైపు పొలాలు. కింద కాళ్ల దగ్గర ఉన్న ఊరినీ చూడాలి: ఆంధ్రమహాసభ 11వ సమావేశం 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది ఆ ఇళ్ల మధ్యనే. నాకు మాత్రం వీటన్నింటికన్నా ఎక్కువగా కళ్లు నిలిచేది పొలాల మీద. కోత అయిన మడి గోధుమరంగు, కోయని మడి బంగారు పసుపు, చెరువు కింది తడి మడి ఆకుపచ్చ, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం ఒక పొడవాటి పట్టీ. వానాకాలం పంట చేతికొచ్చే ఈ కొద్ది వారాలు తప్ప మరెప్పుడూ ఇన్ని రంగులు ఒకేసారి కనిపించవు. దూరదర్శిని ఉంటే తప్పక తెచ్చుకోవాలి. వెలుతురు ఏటవాలుగా పడే పొద్దుటి పూటనే మడి గట్ల నీడలు తెలిసి, ఫొటోలు కూడా బాగా వస్తాయి. నడిమధ్యాహ్నం తీసినవి చప్పగా ఉంటాయి.

గోడల గచ్చు మీద పేర్లు చెక్కినవారు చాలామంది ఉన్నారు. ఎన్నో వందల ఏళ్ల సున్నపు పూత ఒక మేకు గీతతో పెచ్చుగా ఊడిపోతుంది, దానిని తిరిగి అతికించడం ఎవరివల్లా కాదు. పిల్లలకు ఈ మాట పైకి చేరకముందే చెప్పి ఉంచాలి. తెచ్చిన సీసాలు, కవర్లు మళ్లీ సంచిలోనే కిందికి రావాలి. గుట్ట మీద పడేసిన ప్లాస్టిక్ గాలికి గుండాల్లోకే చేరుతుంది.

పైన ఉండే సమయాన్ని ముందే నిర్ణయించుకోవాలి. ఎక్కడానికి పట్టినంత సమయమే దిగడానికీ పడుతుందని అనుకుని, దానికి ఇంకో అరగంట కలిపి, ఆ మొత్తం గేటు మూసే వేళకు ముందే పూర్తయ్యేలా వెనక్కి తిరగాలి. మధ్యాహ్నం ఎక్కినవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఐదు దాటాక వాలిన వెలుతురు ఎదురుగా కళ్లలో పడి మెట్ల అంచులు తెలియవు. దూరాన ఉరుము వినిపించినా, తూర్పున నల్లమబ్బు లేచినా, ఎంతసేపు అయిందన్నది చూడకుండా వెంటనే దిగాలి. చుట్టుపక్కల అంత ఎత్తున ఉన్న బోడి బండ పిడుగు వేళ నిలబడవలసిన చోటు కాదు.

దిగే ముందు బూట్ల తాళ్లు విప్పి మళ్లీ బిగించి కట్టాలి, మడమ వెనక్కి ఆనేటట్టు. ఏటవాలు బండ మీద భయంతో శరీరాన్ని వెనక్కి వాల్చడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే బరువు మడమ మీదికి వెళ్లి, బూటు అడుగులో సగమే రాతికి ఆనుతుంది, కాలు ముందుకు జారిపోతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము పాదాలకు సరిగ్గా పైన ఉండేటట్టు నిలబడి, అరికాలు మొత్తం రాతికి ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయాలి. మరీ వాలు ఉన్న చోట పక్కకు తిరిగి, ముందు కింది కాలు, తరువాత పై కాలు కదిలిస్తూ దిగాలి. అదీ ధైర్యం చాలకపోతే కూర్చుని, చేతులు వెనుక ఆనించి జరగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నడుస్తూ ఫోను చూడకూడదు. చూడాలనిపిస్తే ఆగి, రెండు కాళ్లూ నిలదొక్కుకున్నాక చూడాలి. మోకాళ్లు వణకడం మొదలైతే అది కూర్చొమ్మని శరీరం చెప్పే మాట. ఐదు నిమిషాలు కూర్చుని, నీరు తాగి, కాళ్లు చాచి మళ్లీ లేవాలి.

కింద రాక్ క్లైంబింగ్ శిక్షణ పొందేవారు కనిపిస్తే కాసేపు ఆగి చూడటం మంచిది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదనే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. కొత్తగా నేర్చుకునేవారు బరువును పాదాల మీద ఎలా నిలుపుతారో, చేతులతో లాగడం కన్నా కాళ్లతో నెట్టడాన్నే ఎంతగా నమ్ముకుంటారో దగ్గర నుంచి చూస్తే, తరువాతిసారి మీరు దిగే తీరు కూడా మెరుగుపడుతుంది.

కిందికి చేరిన వెంటనే బస్సు కోసం పరుగెత్తకుండా, పది నిమిషాలు చదును నేల మీద అటూ ఇటూ నడిచి, పిక్కలను, తొడల ముందు కండరాలను సాగదీయాలి. మరునాడు ఇంటి మెట్లు దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. ఇది సీతాఫలాల కాలం కనుక ఊళ్లో గంపలు కనిపిస్తే, కన్నులు విచ్చి వాటి మధ్య గీతలు తెల్లబడినవి ఏరుకోండి. అవి ఒకటి రెండు రోజుల్లో ఇంటి దగ్గరే పండుతాయి. పూర్తిగా మెత్తబడినవి రైలు సంచిలో నలిగిపోతాయి, వాటిని అక్కడే తినేసి బయలుదేరడం మేలు.